ఎవరి ఫసోలాదా?

స్ట్రాటిస్ కాచిన పులుసును మఠంలోని గాడిద వాసన చూసి మొహం తిప్పుకుంది.

గ్రీసు దేశంలో అదొక చిన్న ద్వీపం. కొండమీద మఠం. ఆ మఠం వంటశాలలో యాకోవోస్ గురువుగారి దగ్గర శిష్యుడు స్ట్రాటిస్. తెల్లవారితే మఠంలో పండుగ. "ఈసారి ఫసోలాదా నువ్వే కాచు నాయనా" అని గురువుగారు గరిటె చేతికిచ్చారు.

ఫసోలాదా అంటే ఆ దేశంలో ఇంటింటా కాచుకునే తెల్ల చిక్కుడు గింజల పులుసు. పెద్ద పనేం కాదు. కానీ స్ట్రాటిస్‌కి ఒక పట్టుదల పుట్టింది. పాతకాలంలో ఈ ద్వీపంలో అసలు ఎలా కాచేవారో, అచ్చం అలాగే కాచాలని.

అడగడానికి మనుషులకు కొదవ లేదు. ఎప్పుడో భూకంపం వచ్చి ద్వీపం సగం ఖాళీ అయింది. వలసపోయినవాళ్ల మనవలూ మనవరాళ్లూ ఏ దేశంలో ఉన్నా పండుగకి వస్తారు. అలెగ్జాండ్రియా నుంచి వచ్చినావిడ జీలకర్ర దంచి వేయమంది. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన కటీనా దించే ముందు నిమ్మకాయ పిండాలంది. తాష్కెంట్ నుంచి వచ్చిన ఎవాంథియా, సోంపు వాసన వేసే సోయకూర పడకపోతే అది పులుసే కాదంది. చివర్లో అందరిదీ ఒకే మాట.

"మా అమ్మమ్మ ఇలాగే కాచేది."

ఎవరి మాట కాదనాలో తెలీక, స్ట్రాటిస్ అన్నీ ఒకే కుండలో వేశాడు. గాడిద మొహం తిప్పుకున్నది ఆ కుండ వాసనకే.

అంతటితో ఆగినా బాగుండేది. కటీనానీ ఎవాంథియానీ పిలిచి, వంటశాలలో ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. వాళ్ల అమ్మమ్మలు సొంత అక్కాచెల్లెళ్లు. ఈ మనవరాళ్లు మాత్రం ఒకరినొకరు చూసుకోవడం ఆ పొద్దునే. పడవ రేవులో వాటేసుకుని ఏడుస్తుంటే స్ట్రాటిస్ కళ్లారా చూశాడు.

"మీ అమ్మమ్మలిద్దరూ ఒకే పొయ్యి దగ్గర పెరిగారు కదమ్మా. మరి అసలైనది ఎవరిది?" అని అడిగాడు.

"మా అమ్మమ్మ పెద్దది. తల్లి దగ్గర ముందు నేర్చుకుంది ఆవిడే" అంది కటీనా.

"ముందు ఓడెక్కిందీ ఆవిడే. తల్లి కన్నుమూసేదాకా వండిపెట్టింది మా అమ్మమ్మ" అంది ఎవాంథియా.

"అంటే మా అమ్మమ్మ తల్లిని వదిలేసి పోయిందంటావా?"

"నేననలేదు. నువ్వే అన్నావు."

కటీనా విసురుగా లేచింది. పండుగకి ఉండననీ, రేపు పొద్దుటి పడవకే వెళ్లిపోతాననీ చెప్పి వాకిట్లోకి నడిచింది. ఎవాంథియా గోడవైపు తిరిగి కూర్చుంది.

స్ట్రాటిస్ పెరట్లో ఉల్లిపాయలు పీకుతున్న గురువుగారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఏది అసలైనదో మీరొక్క మాట చెప్పండి గురువుగారూ. వెళ్లి వాళ్లకి చెప్పేస్తాను."

గురువుగారు ఉల్లిపాయల మట్టి దులిపి ఒళ్లో వేసుకున్నారు.

"సవ్వాస్ గారు నిన్నటి నుంచి ఏమీ ముట్టలేదు. ఆ ఇద్దరినీ ఆయన గదికి తీసుకురా."

సవ్వాస్ మఠంలో అందరికన్నా పెద్ద సన్యాసి. చాలాకాలంగా మంచం మీదే ఉన్నారు. తనడిగిందానికీ ఆయనకీ ఏం సంబంధమో స్ట్రాటిస్‌కి అంతుబట్టలేదు. అయినా వెళ్లి, బతిమాలి తీసుకొచ్చాడు. ఇద్దరూ మంచానికి చెరోపక్కా నిలబడ్డారు.

"ఈయన తిండి మానేశారమ్మా. మావల్ల కావడం లేదు" అన్నారు గురువుగారు.

ఎవాంథియా వంగి ముసలాయన చెంప నిమిరింది.

"పళ్లున్నాయా తాతయ్యా?"

"ఒకటుంది. దానికి జోడీ లేదు."

"పులుపు పడుతుందా?" అంది కటీనా ఇవతల నుంచి.

"గుండెల్లో మంట."

"సోయకూర?" అంది ఎవాంథియా.

"ఒకటే త్రేన్పులు తల్లీ."

ఎవాంథియా తలెత్తి కటీనాని చూసింది. "గింజలు తొక్కతీసి మెదపాలి."

"నిమ్మకాయ వద్దు" అంది కటీనా.

"సోయకూరా వద్దులే. క్యారెట్ బాగా ఉడకనిస్తే కాస్త తియ్యదనం వస్తుంది. గింజలు నువ్వు ఒలువు, ఉల్లిపాయలు నేను చూస్తాను."

వంటశాలకి వచ్చాక స్ట్రాటిస్ జీలకర్ర డబ్బా చేత్తో పట్టుకుని పొయ్యి పక్కన నిలబడ్డాడు. దాన్నెవరూ అడగలేదు. గింజలూ క్యారెట్టూ ఉల్లిపాయలూ ఉడికాయి. ఇద్దరూ చేయీ చేయీ తగులుతూ వాటిని జల్లెడలో వేసి రుద్దారు. కొంచెం నూనె, ఉప్పు. అంతే.

సవ్వాస్ మొదటి చెంచా చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నారు. మింగారు. మళ్లీ నోరు తెరిచారు. ఎవాంథియా తినిపిస్తుంటే కటీనా చేతిరుమాలుతో ఆయన గడ్డం తుడుస్తూ కూర్చుంది.

"ఇంకా ఉందా?" అన్నారాయన, గిన్నె అడుగు కనబడ్డాక.

"మా అమ్మమ్మ చివరి రోజుల్లో మా తాతయ్యకి ఇలాగే చేసిపెట్టేది" అంది కటీనా మెల్లిగా.

"మా అమ్మమ్మ వాళ్లమ్మకి ఇలాగే చేసేదట" అంది ఎవాంథియా.

కటీనా మంచం చుట్టూ తిరిగొచ్చి ఎవాంథియా పక్కన కూర్చుంది.

"చెప్పు. ముత్తవ్వ ఇంకేం తినేదట?"

స్ట్రాటిస్‌కి ఉన్న అయోమయం రెట్టింపయింది. ఖాళీ గిన్నె కడుగుతున్న గురువుగారి వెనకే వెళ్లాడు.

"ఇందులో నిమ్మకాయ లేదు, సోయకూర లేదు. మరి ఇది ఎవరి ఫసోలాదా గురువుగారూ?"

"సవ్వాస్ గారిది" అన్నారాయన, గిన్నె బోర్లిస్తూ.

పండుగనాడు పొద్దున్నే గురువుగారు వంటశాలలోకి వచ్చేసరికి గింజలు నాని ఉన్నాయి. కట్టెలు పేర్చి ఉన్నాయి. పొయ్యి మాత్రం ముట్టించలేదు. స్ట్రాటిస్ లేడు.

కిటికీలోంచి చూశారు. రేవు నుంచి జనం కొండెక్కి వస్తున్నారు. స్ట్రాటిస్ మఠం గుమ్మంలో నిలబడి, వచ్చే ఒక్కొక్కరి మొహం చూస్తూ, "పులుపు పడుతుందా అండీ?" అని అడుగుతున్నాడు.