పెళ్ళికి రాని తల్లి

"తప్పును తప్పంటే, అది తప్పెట్ల అయితది అయ్యగారూ?" అని రాజలింగం అడిగాడు. ముందురోజు భజనలో ఒక ముసలాయన పద్యం తప్పు పాడితే ఇతను అందరి ముందూ ఆపి దిద్దాడు. దిద్దినదాంట్లో వంకేమీ లేదు. అయినా ముసలాయన తాళాలు కింద పెట్టి లేచిపోయాడు.

శంభయ్య గురువు అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే మనిషి కాడు. అడిగినవాడి మొహం కాసేపు చూసి ఏదో ఒక సంగతి ఎత్తుకుంటాడు. ఆ రోజు ఆయన చెప్పిన సంగతి భూదవ్వది.

భూదవ్వ బీడీలు చుట్టేది. ఆమె చుట్టిన బీడీకి కార్ఖానాలో వంక పెట్టినవాడు లేడు. ఇతరులు చుట్టినదానికి ఆమె వంక పెట్టని రోజు లేదు. ఎవరైనా ఒక మాట అంటే, అన్నప్పుడు వాళ్ళు కట్టుకున్న చీరతో సహా గుర్తు పెట్టుకునేది. తోడికోడలితో మాటలు ఎందుకు ఆగిపోయాయో తోడికోడలు మర్చిపోయింది గాని, ఈమె మర్చిపోలేదు. చదువంటారా, పెద్ద అక్షరాలు కూడబలుక్కునేంత.

ఆమె వసారాలో వాడలోని ఆడవాళ్ళంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వీళ్ళు తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుడుతుంటే సులోచన నవల చదివి వినిపించేది. వాళ్ళలో బడికి పోయింది ఆమె ఒక్కతే. పుస్తకం పట్టిన చేతులు బీడీలు చుట్టలేవు గనుక, పొద్దుగూకే వేళకు అందరూ తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేసేవాళ్ళు. అది ఆ వసారా కట్టుబాటు.

ఒక నవలలో మాణిక్యం అనే పిల్లను మేనమామ ఇంట్లో వదిలి, తల్లి బతుకుదెరువుకు పోతుంది. పిల్ల పెరిగి పెళ్ళిదాకా వచ్చింది. ఆ పూట చదవడం ఆగేసరికి భూదవ్వ కత్తెర కింద పెట్టి, "రేపు తల్లి వస్తది గదనే" అంది. సులోచన ఆమె మొహం చూసి పుస్తకం మూసింది. భూదవ్వ పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె తల్లి బొంబాయి పక్క భీవండి మిల్లుల్లో పనికని పోయి మళ్ళీ రాలేదు. ఆ సంగతి వాడంతా ఎరిగినదే, ఆమె ముందు మాత్రం ఎవరూ ఎత్తరు.

మర్నాడు మాణిక్యం తల్లి వచ్చింది. పందిరి వెనక అంట్లు తోమేవాళ్ళలో కలిసి కూర్చుని బిడ్డ పెళ్ళి చూసింది. కాళ్ళు కడుక్కోవడానికి అటు వచ్చిన పెళ్ళికూతురు, బూడిద పూసుకున్న ఆ చేతుల్ని గుర్తుపట్టింది. ఆ రోజు వసారాలో ఎవరి పనీ సాగలేదు.

చాలా ఏళ్ళకు, అదే వాడ దర్జీ కొడుకు దామోదర్ ఆ నవలను సినిమాగా తీశాడు. కెమెరా అరువుది, వేషాలు వేసింది వాడవాళ్ళు. ఫంక్షన్ హాల్లో తెర కట్టి మొదటి ఆట వాళ్ళకే వేశాడు. పట్నం నుంచి టాకీసు ఓనరు కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. "జనానికి నచ్చితే నా టాకీసుల ఆడిస్త, లేకుంటే లేదు" అని ముందే చెప్పాడు. ఆయన తెరకేసి చూడలేదు, జనం మొహాలు చూస్తూ కూర్చున్నాడు.

మొదట్లో అంతా నవ్వులే. జమీందారు బంగళా అని చూపించింది వాళ్ళ ఊరి బడి, గోడమీద ఎక్కాలు అట్లాగే ఉన్నాయి. వాన పడితే హీరో ఒక్కడే తడిశాడు, వెనక దండెం మీద బట్టలు హాయిగా ఆరుతున్నాయి. "వానకు గూడ మొహమాటమే, మంది బట్టలు ముట్టది" అంది ఒకామె. ఉత్తరం ఇచ్చిపోయిన పోస్టుమాన్ కాసేపటికి పోలీసు టోపీ పెట్టుకుని వచ్చాడు. "నౌకరి మారిండు." "మంచిదే తియ్యి, పిల్లలుగల్లోడు."

అయినా చిన్న మాణిక్యం మేనమామ గడపలో కూర్చుని తోవ చూసే చోట నవ్వులు ఆగాయి. కొంగులు కళ్ళమీదికి పోయాయి. వెనక ఓనరు ముందుకు వంగి కూర్చున్నాడు. ఆయన్ను చూసి దామోదర్ ఊపిరి పీల్చుకున్నాడు.

పెళ్ళి వచ్చింది. భూదవ్వ కళ్ళు పెళ్ళికూతురి మీద లేవు, పందిరి వెనక వెతుకుతున్నాయి. తాళి కట్టారు. బిడ్డ అత్తారింటికి బయలుదేరి ఒకసారి వెనక్కి చూసింది. తోవ ఖాళీగా ఉంది. సినిమా అయిపోయింది.

భూదవ్వ లేచి నిలబడింది. "తల్లేది?"

"ఏ తల్లి పెద్దవ్వా?" అన్నాడు దామోదర్.

"అంట్లు తోమిన తల్లి. పైసలు సాలక కోసేసినవా? పోలీసుకు టోపి దొరికింది గని తల్లికి చీర దొర్కలేదా?"

హాలంతా గొల్లుమంది. వసారా ఆడవాళ్ళు తలా ఒక మాట అందుకున్నారు. "అవు, మేమంత విన్నం. బూడిద చేతుల తల్లి." ఇందాకటి నవ్వు వేరు, ఈ నవ్వు వేరు.

"పుస్తకంల అట్ల లేదు పెద్దవ్వా" అన్నాడతను మెల్లగా.

"పుస్తకం నాకు చెప్తవా? నువ్వు నిక్కరు ఏసుకోనప్పటి సంది నాకు నోటికొచ్చు. సులోచనా, లే. ఈయనకు ఇనబడేటట్టు సదువు."

దామోదర్ సంచిలోంచి నవల తీసి ఇచ్చాడు. అంచులు నలిగి, అట్ట ఊడిన పుస్తకం. సులోచన దాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి చదవడం మొదలుపెట్టింది. పందిరి, అంట్లు, బూడిద చేతులు, ఆనాడు వసారాలో విన్న మాటలే, ఒక్కటీ పొల్లుపోలేదు. పక్కనే నిలబడ్డ దామోదర్ పేజీ చూశాడు. సులోచన మొహం చూశాడు. తర్వాత భూదవ్వను చూశాడు. ఆ కళ్ళల్లో నీళ్ళు వాడలో ఎవరూ చూసి ఎరగరు.

"నాదే తప్పు పెద్దవ్వా" అన్నాడు. "ఆ పేజీ నేను సూడలేదు."

ఓనరు లేచాడు. "పుస్తకమే సక్కగ సదవనోని సినిమా ఎవడు సూస్తడు" అనుకుంటూ గుమ్మం వైపు నడిచాడు.

భూదవ్వ దావా గెలిచినదానిలాగా సులోచన చేతిలోంచి పుస్తకం అందుకుంది, పదిమందికీ చూపిద్దామని. పేజీ పైన లావుపాటి అక్షరాలున్నాయి. వాటి కింద వేలు పెట్టి కూడబలుక్కుంది. ముందుమాట. రెండు ఆకులు తిప్పింది. కథ ఇంకా మొదలే కాలేదు. సులోచన తల ఎత్తలేదు.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఆ తల్లి ఏ పుస్తకంలోనూ రాలేదు. కత్తెర కింద పెట్టిన ఒక మనిషి కోసం సులోచనే రప్పించింది.

ఓనరు ఇంకా గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఒక్క మాట అంటే వినబడేంత దూరం. ఆ మాట అంటే సులోచన నలుగురిలో పలచనైపోతుందని భూదవ్వ తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటున్నప్పుడే అది సాకని ఆమెకు తెలుసు. పుస్తకం మూసి దామోదర్ చేతిలో పెట్టి, "మల్లసారన్న మంచిగ తియ్యి" అంది.

మళ్ళీసారి లేదు. ఆ సినిమా ఇంకెక్కడా ఆడలేదు. దామోదర్ హైదరాబాదులో ఎవరెవరివో పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికిస్తూ ఉండిపోయాడు. వసారాలో సులోచన మళ్ళీ పుస్తకం పట్టలేదు, భూదవ్వ చదవమనీ అడగలేదు. అందరి తప్పులూ మనసులో దాచుకున్న మనిషి, ఈ ఒక్కటి ఎవరి మీద పెట్టాలో తెలియక, కన్నుమూసేదాకా మోసింది.

గురువు అక్కడ ఆపాడు. రాజలింగం, "అయితే తప్పు ఎవరిదయ్యగారూ? లేనిది సదివినామెదా, నిలదీసినామెదా?" అన్నాడు.

"ఆ హాలుల పుస్తకాన్ని ఉన్నదున్నట్టు సదివి గుండెల పెట్టుకున్నోడు ఒక్కడే ఉండె బిడ్డా" అన్నాడు గురువు. "అందరికన్న తక్కువ మాట్లాడింది ఆ సినిమా తీసినోడే."