జోగవ్వ దూలం

అది జ్యేష్ఠమాసంలో మొదటి శుక్రవారం, పొద్దు బారెడెక్కిన వేళ. ఏ ఏడంటే మాత్రం చెప్పగలవాళ్లు లేరు. నేల మీద కాలు పెట్టకుండా, చెట్టు మీంచి చెట్టు మీదికి మూడు కొండలు దాటిపోగలిగిన కాలం అది. కొండదేవతకి దణ్ణం పెట్టుకుని వినండి.

ఆ వేళకి లింగురెడ్డి గొడ్డలి భుజాన వేసుకుని అడవిలోకి వచ్చాడు. ముందురోజు గాలివానకి అతని ఇంటి దూలం విరిగి, కప్పు కూలిపోయింది. పెళ్లాం కన్నమ్మకి నెలలు నిండాయి. మబ్బులు మళ్లీ కొండ మీదికి దిగుతున్నాయి. పురుడొచ్చేలోగా కప్పు నిలబడాలి. అతనికి మరో ధ్యాస లేదు.

దూలానికి పనికొచ్చే మద్దిచెట్లు దగ్గర్లో మూడే ఉన్నాయి. మిగతావి వాగు అవతల. వాగు పొంగి ఉంది.

ఆ చెట్ల కింద జోగవ్వ అడ్డాకులతో విస్తళ్లు కుట్టుకుంటోంది. నా అన్నవాళ్లు లేని ముసలిది. ఊళ్లో ఎవరింట పెళ్లయినా, పెద్దదినమైనా, విస్తళ్లు ఆమెవే. పిలుపు మాత్రం ఆమెకి ఎప్పుడోగాని వచ్చేది కాదు.

లింగురెడ్డి మొదటి చెట్టు మీద గొడ్డలెత్తాడు.

"ఆగరా అబ్బీ. తట్టి అడుగు."

"చెట్టుని అడగడమేంటే అవ్వా?"

"ఒకరింటికెళ్తే తలుపు తట్టవూ? తట్టు."

నవ్వుకుంటూ మూడుసార్లు తట్టాడు. కటకటకటమంటూ పైనుంచి ఒకటే తిట్లు! చూస్తే కొండ ఉడత. పిల్లి అంత ఉంది. వీపు ఎరుపూ నలుపూ, పొట్ట వెన్నరంగు. కొమ్మ మీద కూర్చుని, ఒంటికంటే పొడుగు తోకని కిందికి వేలాడేసింది. దాని పక్కనే ఆకులూ పుల్లలూ పేర్చిన పెద్ద గూడు.

"మా అత్త నయమే!" అన్నాడు లింగురెడ్డి.

"ఇల్లు కూలుస్తానంటే నువ్వయితే పాట పాడతావా?"

రెండో చెట్టు దగ్గరికి పోయి తట్టాడు. ఉడత గాల్లోకి ఒక్క దూకు దూకి ఆ చెట్టు మీదికి వచ్చింది. అక్కడా గూడే. అక్కడా కటకటకట.

మూడో చెట్టు తట్టాడు. గూడుంది గానీ పలుకు లేదు.

"హమ్మయ్య, ఇది ఖాళీ!"

"తొందరపడకురా. అది ఒక్క గూడుతో ఊరుకోదు. రెండూ మూడూ కట్టుకుంటుంది. భయమేస్తే పిల్లల్ని నోట కరుచుకుని ఇల్లు మారుస్తుంది. ఇవాళ ఎక్కడ పడుకోబెట్టిందో దానికే ఎరుక. పిల్లలకి తిట్టడం ఇంకా రాదు కదా!"

లింగురెడ్డికి ఒళ్లు మండింది. గొడ్డలి నేలకేసి కొట్టాడు.

"దీనికి మూడిళ్లా! నా పెళ్లానికి ఒక్కటీ లేదే అవ్వా!" అన్నాడు.

జోగవ్వ తలెత్తి మూడు గూళ్లూ చూసింది. ఒళ్లోని ఆకులు దులుపుకుని లేచింది.

"నాకొకటుంది. దానికి మా ఆయన ఎత్తిన మద్దిదూలం. అది పట్టుకుపో."

"వద్దవ్వా."

"పట్టుకుపోరా."

"వద్దు. పాపం చుట్టుకుంటుంది."

"ఆ మూడిళ్లలో పిల్లలెక్కడున్నాయో మనకి తెలీదు. నా ఇంట్లో ఎవరూ లేరని నాకు తెలుసురా, అబ్బీ."

మూడోసారి లింగురెడ్డి వద్దనలేదు. గొడ్డలి భుజాన వేసుకుని అవ్వ వెంట ఆమె ఇంటికి నడిచాడు.

పొద్దు వాలేసరికి జోగవ్వ దూలం అతని గోడలెక్కింది. కప్పు నిలబడింది. వెనకే వాన పడింది. ఆ వానలోనే, ఆ దూలం కింద, కన్నమ్మ ఆడపిల్లని కంది. బొడ్డు కోసింది జోగవ్వే. కోసి, చేతులు కడుక్కుని, గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికవ్వా?" అంది కన్నమ్మ పడుకునే. "దూలం నీది. అంటే ఇల్లు నీది. మేమే నీ ఇంట్లో ఉన్నాం. కూర్చో."

జోగవ్వ కూర్చుంది. ఏళ్లకేళ్లు కూర్చుంది. ఆ పిల్లని పెంచి, ఆ పిల్లకి విస్తరి కుట్టడం నేర్పి, ఒక వానాకాలం ఆ దూలం కిందే కన్నుమూసింది.

మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ మద్దిచెట్ల దగ్గరికి వెళ్లారు. అడ్డాకు విస్తట్లో అన్నం పెట్టి, దణ్ణం పెట్టి, మూడుసార్లు తట్టారు. పైనుంచి కటకటకట.

"అవ్వ పలికింది," అంది ఆ పిల్ల.

ఆ కొండల్లో ఇప్పటికీ గొడ్డలి ఎత్తేముందు చెట్టుని మూడుసార్లు తడతారు. "జోగవ్వా, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అంటారు. ఉడత అరిస్తే, "అవ్వ పలికింది" అని గొడ్డలి దించేస్తారు.

పలుకు రాకపోతే? అప్పుడూ తొందరపడరు. తలెత్తి చూస్తారు. పిల్లలకి తిట్టడం ఇంకా రాదు కదా.