నట్టేట్లో గంధపు వాసన

జిలానీ మోటారు ఒడ్డున ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉండేది. తాడు ఒక్క లాగు లాగితే చాలు, టపటపమంటూ అందుకునేది. సగం ఏరు దాటేసరికి మాత్రం కాలిన పెనంలా వేడెక్కి, ఒకసారి దగ్గి ఆగిపోయేది. ఇక అరగంట దాకా ఎంత బతిమాలినా పలికేది కాదు. ఈలోపు కృష్ణమ్మ పడవని తనకిష్టమైన చోటికి తోసుకుపోయి, రెండు మైళ్ల దిగువన ఏదో ఇసుక మేట మీద కూర్చోబెట్టేది.

అది మామూలు మోటారు కాదు. తుమ్మలలంకలో దర్గా కట్టిన పెద్ద బాబా తన చేత్తో నడిపిన మోటారు. పడవ వెనక తగిలించే చిన్న పెట్రోలు ఇంజను, ఏ దొర వాడి వదిలేశాడో గానీ బాగా పాతకాలపు సరుకు. పెద్ద బాబా పోయాక ఆయన శిష్యుడు సైదా బాబా దర్గాకి పెద్ద అయ్యాడు. సైదా బాబాకి శిష్యుడు జిలానీ. మూడేళ్ల కిందట పడవ జిలానీ చేతికొచ్చింది.

దాన్ని జిలానీ నెత్తిన పెట్టుకున్నాడు. రోజూ తెల్లవారుతూనే ఇంజను ఒళ్లంతా గంధం పూసేవాడు. తాడు లాగి స్టార్ట్ చేశాక, నీటి తుంపర పడకుండా పైన ఉన్న జాలీ మూతకి జరీ అంచు పచ్చ చాదర్ చుట్టేవాడు. లంకలో ఆడవాళ్లు పడవెక్కేటప్పుడు దానికి ఇంత పసుపు, ఇంత కుంకుమ అద్ది కళ్లకద్దుకునేవాళ్లు. ఎవరి భక్తి వారిది, అతను ఎవర్నీ వద్దనలేదు.

ఇంకో విశేషం ఉంది. ఈ ఎండాకాలం నుంచీ ఇంజను వేడెక్కడం మొదలవగానే పడవంతా గమ్మని గంధపు వాసన కమ్ముకునేది. పెద్ద బాబా వచ్చాడని కొందరు సలాము చేసేవాళ్లు, కొందరు చెంపలేసుకునేవాళ్లు. ఆ వెంటనే మోటారు ఆగిపోయేది. ఆయన వస్తే మోటారు ఎందుకు ఆగాలో ఒక్కరికీ తట్టలేదు. జిలానీకైతే ఆ వాసనకి ఛాతీ రెండంగుళాలు పెరిగేది. తన సేవ ఆయనకి అందుతోందన్నమాట.

సేవ సేవే, చిక్కు చిక్కే. ప్లగ్గు మార్చాడు. పెట్రోల్లో ఆయిలు పెంచాడు, పొగ పెరిగింది. తగ్గించాడు, వేడి పెరిగింది. టౌన్లో మెకానిక్ నీళ్ల గొట్టం మూసుకుపోయిందేమో చూడమన్నాడు. పైనుంచి కిందిదాకా వెతికినా దీనికి నీళ్ల గొట్టమే లేదు. మళ్లీ వెళ్లి చెబితే, అయితే గాలికి చల్లబడే పాత రకం అయ్యుంటుందన్నాడాయన. సిలిండర్ చుట్టూ పల్చటి రెక్కలుంటాయట. పైనున్న జాలీలోంచి ఫ్యాను లాగిన గాలి ఆ రెక్కల సందుల్లోంచి పోతూ వేడిని తీసుకుపోవాలట. జిలానీకి నవ్వొచ్చింది. నడి ఏట్లో గాలికేం కరువు? నెత్తి మీద టోపీయే నిలవదు.

ఇప్పుడు వ్యవహారం పీకల మీదికొచ్చింది. శుక్రవారం పొద్దున అరటితోట బసవయ్య కూతురి పెళ్లి. మగపెళ్లివారిది అవతలి ఒడ్డు, ముహూర్తం తొమ్మిదీ పన్నెండుకి. పెద్ద బాబా పడవలోనే పిల్ల ఏరు దాటాలని నాయనమ్మ సీతారావమ్మ పట్టుబట్టింది. వేళకి దించే పూచీ తనదని జిలానీ నలుగురిలో మాటిచ్చేశాడు. చూస్తుండగానే బుధవారం వచ్చింది. ఇసుక మేట మీద పట్టుచీరతో కూర్చున్న పెళ్లికూతురు కళ్లలో మెదులుతుంటే అతనికి అన్నం సయించలేదు.

మధ్యాహ్నం వెళ్లి సైదా బాబా ముందు కూలబడ్డాడు. చేసినవన్నీ ఏకరువు పెట్టి, చివరికి అడిగేశాడు.

"నా సేవలో ఏం తక్కువైంది బాబా?"

బాబా లేచి రేవుకి వెళ్లాడు. మోటారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి వాసన చూశాడు. గోటితో ఎక్కడో గీరి, ఆ గోరుని కాసేపు చూసుకున్నాడు. తిరిగొచ్చి, జిలానీని ఎండలో అరుగు మీద కూర్చోబెట్టాడు. వైశాఖమాసపు ఎండ, కాకి కూడా బయట లేదు.

"ఇన్నాళ్లూ నువ్వు సేవ చేశావు. ఇవాళ నేను చేస్తా," అన్నాడు.

జిలానీ టోపీ సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. తన తర్వాత దర్గాకి పెద్దవి నువ్వేనని చెప్పబోతున్నాడా?

బాబా గిన్నెడు గంధం తెచ్చి అతని మెడకీ, ఛాతీకీ, వీపుకీ మందంగా మెత్తాడు. పైన ఒక చాదర్ కప్పాడు. దాని మీద ఇంకొకటి. పెట్టె తెరిచి, మొక్కులకి వచ్చినవన్నీ తీరిగ్గా దులిపి ఒక్కొక్కటే కప్పాడు. నాలుగో చాదర్ దాకా జిలానీ కళ్లు మూసుకుని స్వర్గంలో ఉన్నాడు. ఐదోదానికి చెమట పట్టింది. ఏడోది తల మీదుగా దిగేసరికి లోకమంతా పచ్చగా మారి ఉడుకెత్తింది. అయినా పెద్దరికం ఊరికే వస్తుందా అని పళ్లు బిగబట్టాడు. ఎంతసేపని బిగబడతాడు పాపం.

"బాబా," అంది చాదర్ల గుట్ట. "గాలాడట్లేదు."

బాబా వంగి, ఆ గుట్టకి ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు.

"గంధం వాసన మాత్రం గుప్పున వస్తోందిరా జిలానీ. పెద్ద బాబా వచ్చినట్టున్నాడు. ఇంకాసేపు కూర్చో."

గుట్ట కదలడం మానేసింది. మరుక్షణం ఏడు చాదర్లూ ఏడు వైపులకి ఎగిరాయి. ఒంటి గంధం కడుక్కోకుండా, చెప్పులైనా తొడుక్కోకుండా జిలానీ రేవు వైపు పరుగెత్తాడు.

పొద్దుగూకేదాకా వెదురు పుల్లతో, కొబ్బరి పీచుతో, పెట్రోల్లో ముంచిన గుడ్డతో రెక్క రెక్కా గీకాడు. మూడేళ్ల గంధమూ పసుపూ సందుల్లో రాయిలా బిగిసి ఉన్నాయి. అవి పెళ్లలు పెళ్లలుగా ఊడి, అడుగున నల్లటి ఇనుము కనబడగానే అతనికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. పచ్చ చాదర్ మడిచి పెట్టెలో పెట్టేశాడు.

శుక్రవారం బాబా కూడా పడవెక్కాడు. పసుపు గిన్నెతో వచ్చిన ఆడవాళ్లకి జిలానీ చేతులు జోడించి, పడవ ముక్కుకి పెట్టమన్నాడు. నట్టేరు వచ్చింది. అతను ఊపిరి బిగబట్టాడు. మోటారు బిగబట్టలేదు, టపటపా పోతూనే ఉంది. ఎనిమిదిన్నరకల్లా పడవ అవతలి ఒడ్డుకి తగిలింది. మేళగాళ్లు ఇంకా కాఫీలు తాగుతున్నారు.

అందరూ దిగారు. సీతారావమ్మ ఒక్కతే దిగలేదు. గాలి పీల్చి పీల్చి చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"గంధం వాసనే రాలా బాబా. పిల్ల పెళ్లికి ఆయన రాలేదంటే ఏం తప్పు చేశామో ఏమో."

జిలానీ తల దించుకుని మోటారు వైపు చూశాడు. బాబా ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా నేల మీదికి దించాడు.

"ఒడ్డుకి వచ్చాం కదమ్మా," అన్నాడు.