మేకల వైపు ఎవరు?

పులీ మేకా ఆటపలకలు చెక్కి అమ్ముకునే బయ్యన్నకు నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు. రాజుగారి బావమరిది దండపాణి చిన్న చిన్న ఆటల కొట్లన్నిటికీ రుసుము తీసుకుని వ్యాపార సలహాలిస్తాడు. వినకపోతే కొట్టు మూయిస్తాడు. ఈసారి బయ్యన్న వంతు. "ఎప్పుడూ పులులే గెలిచేలా గీతలు మార్చు. పులుల వైపు ఆడే గొప్పింటివాళ్ళు ఎగబడి కొంటారు," అన్నాడు దండపాణి.

బయ్యన్న అలాగే చెక్కి, పలకను రాజుకూ పక్కనే కూర్చున్న దండపాణికీ మధ్య పెట్టాడు. "పులులు తమవి ప్రభూ. మేకలు సలహా ఇచ్చిన అయ్యగారివి."

వరసగా మూడాటలు ఓడిపోయి దండపాణి విసురుగా లేచాడు. "గెలిచే దారే లేని ఆట ఎవడాడతాడు బావగారూ!"

"కొట్టుకొచ్చేవాళ్ళూ ఇదే అంటారని నా భయం ప్రభూ," అన్నాడు బయ్యన్న.

రాజు నవ్వాడు. "మరి సలహాకి రుసుము?"

బయ్యన్న చేతులు జోడించాడు. "ఇప్పుడు నేనిచ్చినదానికా ప్రభూ?"