చూడని అల

సిలార్‌కు నీళ్లంటే భయం పట్టుకుంది. నమాజుకు ముందు ముఖం కడుక్కుందామని దోసిలి పడితే చాలు, ఊపిరి ఆడేది కాదు. గాలి కాస్త గట్టిగా వీస్తే, తింటున్న అన్నం వదిలేసి కూతుర్ని చంకనేసుకుని మేడ మీదికి పరుగెత్తేవాడు. ఆ పిల్ల ఇప్పుడు నాన్న దగ్గరికి రావడానికే జంకుతోంది.

నిజానికి ఉప్పెన వచ్చిన రోజు అతనేమీ చూడలేదు. వాళ్ల ఊరు సముద్రానికి చాలా దూరం. తర్వాత గురువు ఖాజావలీ చెప్పగా, బతికి బయటపడ్డవాళ్లు తలదాచుకున్న బడికి మూణ్ణెల్లుగా రోజూ వెళ్తున్నాడు. వాళ్ల ఎదుట కూర్చుని, చెప్పింది వింటాడు. అంతే.

ఖాజావలీ పాత గుడ్డలతో బొంతలు కుట్టి బతికే ఫకీరు. సిలార్ ఆయన దగ్గరికెళ్లి తాయెత్తు కట్టమని అడిగాడు. కట్టకపోతే ఇక బడి గడప తొక్కలేనన్నాడు. అడిగి, సిగ్గుతో తల దించుకున్నాడు.

"పోగొట్టుకున్నది వాళ్లు, బాబా. నాకేం పోయిందని వణుకుతున్నాను?"

ఖాజావలీ తాయెత్తు కట్టలేదు. తెల్ల దుప్పటీ, సూదీ దారం, గుడ్డముక్కల బుట్టా తెచ్చి ముందు పెట్టారు.

"నీకేది కనబడుతోందో అది కుట్టు" అన్నారు.

సిలార్ మూడు రోజులు కుట్టాడు. తాటిచెట్టంత నల్లటి అల. దాని కింద కొట్టుకుపోతున్న ఇంటికప్పు. కప్పును పట్టుకున్న ఒక చిన్న చెయ్యి. ఆ చెయ్యి కుడుతుంటే సూది వేల్లో దిగబడింది. నీళ్లు తన మీదికే వస్తున్నట్టు వెనక్కి జరిగి, గోడకు అతుక్కుపోయాడు.

గురువు వచ్చి దుప్పటి మీద ఆ చిన్న చెయ్యిని తాకారు.

"ఇది నువ్వు చూశావా?"

"లేదు బాబా. బడిలో ఆదెమ్మ అని ఉంది, ఆమె చూసింది. ఆ చెయ్యి ఆమె కూతురిది."

"మరి నువ్వు చూసింది?"

సిలార్ కళ్లు మూసుకున్నాడు. ముందు అలే వచ్చింది. అది దాటి వెతికితే, మెల్లిగా బడి వరండా కనబడింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి, కొంగు పళ్లతో నొక్కిపట్టిన ఆదెమ్మ. ఆమె ఎదుట నేలమీద, ఏం చెయ్యాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకున్న తను.

దుప్పటి మూల కొంత జాగా మిగిలింది. అక్కడ ఆ ఇద్దర్నీ కుట్టి, దారం తెంపాడు.

అంతలో గాలి విసిరింది. తలుపు దభాలున కొట్టుకుంది. సిలార్ ఉలిక్కిపడి చూసేసరికి, గురువూ తలుపు వైపే చూస్తున్నారు. ఆయనా ఒక అడుగు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నారు.

ఖాజావలీ భుజం మీది తువ్వాలు అంచు చింపారు. రెండుసార్లు తప్పిపోయాక సూదిలో దారం ఎక్కించారు. సిలార్ బొమ్మ పక్కనే ఆ పేలికను మరో మనిషిగా, తనలాగే, ఆనించి కుట్టడం మొదలుపెట్టారు.

"ఒక్కడివే కూర్చున్నావేం?" అన్నారు.