చెవులతో జట్టును ఎంచిన ఏనుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక క్రికెట్ జట్టు. ఆ జట్టుకి ఓడిపోవడం తప్ప వేరే పని లేదు.

నవ్వకండర్రా! వాళ్ల బాధ వాళ్లది. మీ నాన్న టీవీ ముందు కూర్చుని "వీణ్ణెవడు తీసుకున్నాడు జట్టులోకి?" అని కేకలేస్తాడు చూడండి, ఆ అడవిలో చెట్టుకొకడు చొప్పున అలాంటి నాన్నలుండేవాళ్లు.

ఆటగాళ్లని ఎంచే పని ఏనుగు పెద్దమ్మది. ఆవిడ మాటకి తిరుగులేదు, ఎందుకంటే ఆవిడకి పక్షపాతం తెలీదు. సొంత చెల్లెలి కొడుకు వచ్చి "నన్నూ తీసుకో పెద్దమ్మా" అని కాళ్లావేళ్లా పడితే, "ముందు పరిగెత్తడం నేర్చుకో, పో" అని పంపేసింది.

కానీ ఆవిడకి ఒక ఇబ్బంది ఉంది. ఆవిడ మైదానం పక్కన కూర్చుంటే వెనకాల నలభై మందికి ఆట కనబడదు. ఒకసారి కుందేళ్లు ఇదే మాట మీద గోల చేశాయి. పెద్దమ్మ అసలే మొహమాటస్తురాలు. అప్పటినుంచి ఆట ఉన్న రోజు వెదురు పొద వెనక్కి వెళ్లి కూర్చునేది. బూరుగు చెట్టు మీదనుంచి చిలకమ్మ ఆట ఎలా సాగుతోందో గట్టిగా చెప్పేది. పెద్దమ్మ చెవులు చేటలంత. అన్నీ వినబడేవి. విన్నదాన్ని బట్టి జట్టుని ఎంచేది. పొద సందుల్లోంచి చూస్తోందనే అందరూ అనుకునేవాళ్లు; చూడకుండా ఎంచుతోందన్న సంగతి ఎవరికీ తెలీదు.

ఆ చుట్టుపక్కల నాలుగు అడవులు ఆడుకునే పోటీలో ఒక నియమం ఉంది. పొద్దున్నే మొదలైన ఆట, సూర్యుడు కొండ వెనక్కి దిగగానే ఆగిపోవాలి. అప్పటికి రెండోదిగా బ్యాటింగ్ చేసే జట్టుకి పరుగులు తక్కువైనా, చివరి వికెట్టు పడకుండా ఉంటే ఎవరూ ఓడినట్టు కాదు. ఆట సమానం.

మొదటి ఆట కొండ అడవితో. ఓడిపోయారు. చిలకమ్మ రోజంతా "ఫోరు! సిక్సు!" అని అరిచింది కానీ, అందరికంటే ముందు బ్యాటింగ్‌కి దిగిన ఉడుము ఓబులు పేరు ఒక్కసారే చెప్పింది. అదీ "ఓబులు అవుట్!" అని. పెద్దమ్మ ఓబులుని తీసేసి, సిక్సులు కొట్టే కొండముచ్చుని పెట్టింది.

రెండో ఆట ఏటి అవతలి అడవితో. ఓడిపోయారు. బంతి వేసే తాబేలు పేరు ఒక్కసారీ వినబడలేదు. దాన్ని తీసేసి ఇంకో కొండముచ్చుని పెట్టింది.

మూడో ఆట ఇసుక దిబ్బల అడవితో. మళ్లీ ఓటమే. మైదానం అంచున పరిగెత్తి బంతులు ఆపే ముంగిస పేరూ వినబడలేదు. దాన్నీ తీసేసి మూడో కొండముచ్చుని పెట్టింది.

ఇప్పుడు జట్టులో ముగ్గురు కొండముచ్చులు. సాధన ఆటల్లో ముగ్గురూ మొదటి బంతినే గాల్లోకి లేపేవాళ్లు. బంతి కింద పడేలోపు ఎవడో ఒకడు పట్టేసేవాడు. చూడ్డానికి వేడుకగానే ఉండేది, కాకపోతే మధ్యాహ్నం భోజనాల వేళకే ఆట ముగిసిపోయేది.

అప్పుడు నాలుగడవుల పెద్దల దగ్గరనుంచి కబురు వచ్చింది. "వచ్చే ఆట కూడా ఓడారంటే ఇక మీ అడవికి పోటీలో చోటు లేదు." అది విని కెప్టెన్ దుప్పి మేత మానేసింది. పిల్ల జంతువులు కూడా బ్యాట్లు పట్టుకోవడం మానేశాయి.

ఆ మర్నాడు పొద్దున్నే ఓబులు వెదురు పొద దగ్గరికి వచ్చాడు. చేతిలో జట్టు టోపీ ఉంది.

"ఇది కొత్తవాళ్లెవరికైనా ఇవ్వు పెద్దమ్మా. ఉతికి తెచ్చాను" అన్నాడు.

పెద్దమ్మ మనసు చివుక్కుమంది. "కోపమొచ్చిందా ఓబులూ?"

"కోపం కాదు పెద్దమ్మా. ఆ రోజు నేనేం తప్పు చేశానో చెబితే దిద్దుకుందామని. కొత్త బంతితో కొండ అడవి చిరుత ఎంత జోరుగా వేస్తుందో తెలుసుగా. మావాళ్లు భయపడ్డారు. బంతి పాతబడేదాకా నేను కాచుకుంటాను, మీరు తర్వాత కొట్టండి అని చెప్పాను. ఇదిగో."

ఓబులు పొట్ట మీదా, తోక మీదా, ఎడమ చేతి మీదా నల్లగా కమిలిన మచ్చలున్నాయి.

"ఎన్ని బంతులు ఆపావురా?"

"అరవై. నువ్వు చూశావుగా పెద్దమ్మా!"

పెద్దమ్మ తొండంతో నేలని గీసింది.

"నేను చూడలేదురా."

"ఆ రోజు రాలేదా?"

"ఏ రోజూ చూడలేదు. ఇక్కడ కూర్చుని వినేదాన్ని."

అంత పెద్దావిణ్ణి ఓబులు ఏమంటాడు? టోపీ అక్కడ పెట్టి వెళ్లబోయాడు. పెద్దమ్మ దాన్ని తొండంతో తీసి మళ్లీ అతని చేతిలోనే పెట్టింది. సిగ్గుతో ఆవిడ తల పైకి లేవలేదు.

తర్వాత నేరుగా బూరుగు చెట్టు దగ్గరికి వెళ్లింది.

"చిలకమ్మా, ఆపిన బంతుల గురించి ఎందుకు చెప్పవే?"

"ఆపాడు, ఆపాడు, ఆపాడు అంటూ కూర్చుంటే ఎవరు వింటారు పెద్దమ్మా? లేచి ఇళ్లకి పోతారు. నేను సరదాగా వినేవాళ్ల కోసం చెబుతాను. జట్టుని ఎంచడానికి నా మాటలు వాడతావని నాకేం తెలుసు?"

చిలకమ్మ మాటలో తప్పేముంది? ఏమీ లేదు.

పెద్దమ్మ అడవినంతా పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది. చెట్ల మీది నాన్నలు ఊరుకుంటారా? "అయితే మా ఓటములన్నీ నీ చలవేనా!" అని విరుచుకుపడ్డారు.

"అవును. తప్పు ఆటగాళ్లది కాదు, నాది" అంది పెద్దమ్మ. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

ఓబులు, తాబేలు, ముంగిస జట్టులోకి తిరిగొచ్చారు. బాగా కొట్టే ఒక కొండముచ్చు అలాగే ఉన్నాడు. మిగతా ఇద్దరినీ దగ్గరికి పిలిచి, "మీ చేతుల్లో బలం ఉంది నాయనా. నిలబడటం కూడా నేర్చుకుని రండి. ఈసారి నేనే చూస్తాను" అంది.

చూడ్డం ఎలా అంటారా? మైదానం పక్కనే ఒక మడుగు ఉంది. పెద్దమ్మ అందులోకి మెడ లోతున దిగింది. తల ఒక్కటే పైకి కనబడుతోంది. ఇక కుందేళ్లకి అడ్డం ఏముంది? నాలుగు రోజులు సాధన చూసింది. ఐదోనాడు కొండ అడవితో ఆఖరి ఆట. ఆ రోజు కూడా పొద్దున్నే నీళ్లలోకి దిగింది.

కొండ అడవి నూటయాభై పరుగులు చేసింది. మనవాళ్లు దిగారు. కొండముచ్చు నాలుగు సిక్సులు బాది అవుటయ్యాడు. దుప్పి కాసేపు ఆడి అవుటయింది. ఒకరి వెనక ఒకరు పోతూనే ఉన్నారు. ఓబులు మాత్రం ఉడుంపట్టు పట్టుకుని అక్కడే ఉన్నాడు. చివరికి తాబేలు మిగిలింది. ఇక గెలిచే దారి లేదు. ఓడకుండా ఉండే దారి మాత్రం ఒకటుంది.

సూర్యుడు కొండ అంచున ఉన్నాడు. ఇంకో మూడు బంతులకే వేళ ఉంది. ఎదురుగా చిరుత.

మొదటి బంతి ఛాతీ మీదికి లేచింది. ఓబులు బ్యాట్ అడ్డం పెట్టాడు. బంతి కాళ్ల దగ్గరే పడింది. చిలకమ్మ అటూ ఇటూ చూసి, మెల్లిగా "ఆపాడు" అంది. ఎవరూ లేచి వెళ్లలేదు.

రెండో బంతి వేళ్ల మీదికి దూసుకొచ్చింది. ఓబులు వంగి అడ్డుకున్నాడు. "ఆపాడు!" అంది చిలకమ్మ. కుందేళ్లు లేచి నిలబడ్డాయి.

మూడో బంతి మెలిక తిరుగుతూ వికెట్ల మీదికి వచ్చింది. టక్కుమని చప్పుడైంది.

చిలకమ్మ నోరు తెరిచేలోగా అడవంతా అరిచింది.

"ఆపాడు!"

సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు. ఆట సమానం. పోటీలో అడవి చోటు అడవికే ఉంది. చెట్ల మీది నాన్నలంతా ఒకరినొకరు వాటేసుకున్నారు.

పెద్దమ్మ మడుగులోంచి బయటికి వచ్చింది. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. ఓబులు కుంటుకుంటూ ఎదురొచ్చాడు.

"నేను కొట్టింది తొమ్మిది పరుగులే పెద్దమ్మా" అన్నాడు బెరుగ్గా.

"నువ్వు ఆపింది నూట పద్నాలుగు బంతులురా. ఒక్కటీ వదలకుండా చూశాను" అంది పెద్దమ్మ.

ఒంటి నిండా దెబ్బలు తగిలినప్పుడు ఏడవనివాడు, ఆ మాటకి వెక్కి వెక్కి ఏడ్చాడు ఓబులు.

నీతి: ఒకరి విలువ తేల్చే పని మన చేతిలో ఉన్నప్పుడు నలుగురి నోటా వినడం చాలదు, మన కళ్లతో చూడాలి; పొరబడితే నలుగురిలోనూ ఒప్పుకోవాలి.