నాగవేణి పెంచిన వోల్టేజి

నాగవేణికి వెనక్కి తగ్గడం చేతకాదు.

కర్నూలులో కంప్యూటర్లు బిగించే ఖాజా ఉస్తాద్ దగ్గర ఆమె పని నేర్చుకుంటోంది. తయారుచేసినవాళ్లు పెట్టిన హద్దు దాటించి ప్రాసెసర్‌ను పరుగెత్తించే పోటీలు కొన్ని ఉంటాయి. పోయినేడు అలాంటి పోటీలో ఆమె కంప్యూటర్ అందరి ముందూ ఆగిపోయింది.

"ఇంటికెళ్లి మిక్సీ తిప్పుకో పాపా!" అని ఎవడో అరిచాడు. హాలంతా నవ్వింది.

ఈ ఏడు ఆమె మళ్లీ పేరిచ్చింది.

వేగం పెంచేది. తెర నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోయేది. వోల్టేజి పెంచేది. కాసేపు నడిచి, వేడెక్కి, మళ్లీ ఆగిపోయేది. ఇంకాస్త వోల్టేజి ఎక్కించేది. అలా ఒక ప్రాసెసర్ చచ్చిపోయింది.

"పోతే పోయింది. భయపడి మాత్రం పోలేదు," అంది ఉస్తాద్‌తో.

ఆయన కాలిన ప్రాసెసర్‌ను విప్పి పక్కన పెట్టాడు.

కొత్త ప్రాసెసర్ బిగించింది. దాని వేడి అప్పుడే తొంభై ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది.

"ఇక చాలనకండి ఉస్తాద్," అంది, ఆయన నోరు తెరవకముందే. "ఆ నవ్వినవాళ్ల ముందు నిదానంగా నడిచే మిషన్ పెట్టలేను."

ఖాజా ఉస్తాద్ లేచి, తన బల్ల మీది కంప్యూటర్ మోసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. అది ఆయన తన కోసం బిగించుకున్నది. పొద్దున్నే అందులో కవ్వాలీ పాటలు పెట్టుకోనిదే పనిలో చెయ్యి పెట్టడు. ఇంకొకరిని ముట్టుకోనివ్వడు.

"ఇందులోనూ అదే ప్రాసెసర్ ఉంది. దీన్ని పరుగెత్తించు."

"కాలిపోతే?"

"పోనీ."

టీ గ్లాసు పట్టుకుని వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

నాగవేణి వేగం పెంచి, ఎప్పటిలాగే వోల్టేజికి పెద్ద అంకె కొట్టింది. ఎంటర్ మీద పెట్టిన వేలు మాత్రం కదల్లేదు. ఉస్తాద్ వీపు వైపు చూసింది. ఆయన తిరగలేదు.

అంకె చెరిపేసింది.

వేగం అంతే ఉంచి, వోల్టేజి బాగా కిందికి దించింది. ఆగిపోయింది. ఒక పిసరు పెంచింది. ఆగిపోయింది. మూత విప్పి ఫ్యాన్ రెక్కల్లో దుమ్ము తుడిచింది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు తీసేసి కొత్తది పల్చగా రాసింది. ఇంకో పిసరు పెంచింది. అన్నానికి కూడా లేవలేదు.

సాయంత్రానికి కంప్యూటర్ నిలబడింది. ఆమె పట్టుబట్టిన వేగమే. వేడి డెబ్భై దాటలేదు.

తర్వాత తన మిషన్ ముందుకు జరిగి, దాని వోల్టేజి కూడా దించడం మొదలుపెట్టింది. గొంతులో పంతం మాత్రం పోలేదు.

"వేగం తగ్గించను ఉస్తాద్. చెప్తున్నా."

ఖాజా ఉస్తాద్ అప్పుడు తిరిగాడు.

"తగ్గించమని నేనెప్పుడు చెప్పాను బేటీ?"